నా కడుపు వాడిని కాదనలేదు. నా కిడ్నీని వాడి ఒళ్లు ఎందుకు కాదంటోంది?

కవిటి టీచరమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు విశాఖపట్నంలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మా ఉద్దానం సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. కొబ్బరి తోటలు, జీడి తోటలు, వాటి నడుమ డయాలసిస్‌కు వెళ్లివచ్చే మనుషులు. జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. మా అబ్బాయికి షుగర్ లేదు, ఏ చెడు అలవాటూ లేదు. ఇరవై ఏడో ఏట కాళ్లు వాచాయని చూపిస్తే అప్పటికే రెండు కిడ్నీలూ పోయాయన్నారు. పద్నాలుగు నెలలు డయాలసిస్ మీద ఉన్నాక, 2019 ఆగస్టులో నా ఎడమ కిడ్నీ తీసి వాడికి పెట్టారు.

ఆరేళ్లు బాగానే గడిచాయి. ఉదయం ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి వాడి ఫోను మోగుతుంది. ఆ వెంటనే మాత్రల డబ్బా మూత టక్కుమంటుంది. ఆ చిన్న చప్పుడు వింటే గానీ నేను అన్నానికి కూర్చునేదాన్ని కాదు. మొన్న నవంబరులో ఒక రాత్రి ఫోను మోగింది, ఆగింది, మూత చప్పుడు కాలేదు. స్నానానికి వెళ్లాడేమో అనుకున్నాను. మర్నాడూ అంతే. వాడు ఆఫీసుకు వెళ్లాక అలమర తెరిచాను. కొత్త కిడ్నీని ఒళ్లు కాదనకుండా రోజూ వేసుకోవలసిన టాక్రోలిమస్ మాత్రల స్ట్రిప్పులు విప్పకుండా వరసగా పేర్చి ఉన్నాయి. లెక్కపెడితే పదహారు రోజులవి.

సాయంత్రం అడిగాను. "అమ్మా, అక్టోబరులో నోబెల్ ఎవరికిచ్చారో చూశావా? ఒంటిని ఊరుకోబెట్టే కణాలను కనిపెట్టినవాళ్లకు. ఇక జీవితాంతం మందులు అక్కర్లేదు. ఆరేళ్లయింది కదా, నీ కిడ్నీ నాలో ఎప్పుడో కలిసిపోయి ఉంటుంది" అన్నాడు. ఏదో వీడియో చూశాడట. వాడిని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. ఆ మందుతో చేతులు వణుకుతాయి. పెళ్లిచూపులకు వెళ్తే సాసర్‌లో కాఫీ కప్పు గలగలమంది. కప్పు కింద పెట్టేసి, లేచేదాకా మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. లేని షుగర్ కూడా మార్పిడి అయిన రెండో ఏడు వచ్చింది.

కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 1.3 ఉండేది, 2.4కి వెళ్లింది. బయాప్సీ చేసి రిజెక్షన్ అన్నారు, అంటే వాడి ఒళ్లు నా కిడ్నీని కాదంటోందట. మూడు రోజులు స్టీరాయిడ్ నరానికి ఎక్కించారు. ఇప్పుడు 1.6 దగ్గర నిలిచింది. మందులు మళ్లీ వేసుకుంటున్నాడు. కానీ నాతో మనసిచ్చి మాట్లాడడం లేదు.

నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇది. తొమ్మిది నెలలు వాడు నా కడుపులో ఉన్నాడు. వాడిలో సగం వాళ్ల నాన్నది, అంటే నా ఒంటికి పరాయిదే. అయినా నా ఒళ్లు వాడిని బయటికి నెట్టలేదు, ఒక్క మాత్ర కూడా మింగకుండానే మోశాను. మరి నా కిడ్నీని వాడి ఒళ్లు ఎందుకు ఒప్పుకోదు? తల్లి ఒంటికి తెలిసిన ఆ విద్య ఏదో, దాన్ని వాడి ఒంటికి నేర్పే దారి లేదా? వాడు చూసిన వీడియోలో నిజం ఎంత? తెలిసినవారు విడమరిచి చెప్పండి. పెద్ద పెద్ద మాటలు వచ్చినా ఫరవాలేదు, నేర్చుకుంటాను.

గుంటూరు నెఫ్రాలజిస్టు

అమ్మా, నమస్కారం. కడుపు ప్రశ్నకు నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ ఉన్నారు, వాళ్లకే వదిలేస్తాను. నేను మందుల వరకు చెబుతాను.

"కలిసిపోయి ఉంటుంది" అన్న మాట మీ అబ్బాయి ఒక్కడిదే కాదు, నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఇదే అంటారు. అయిదేళ్లు దాటాక ఎక్కువగా అంటారు. మీ కిడ్నీ మూత్రం తయారు చేయడంలో అతనిదైపోయింది, నిజమే. కానీ దాని రక్తనాళాల లోపలి పొర ఇవాళ్టికీ చాలావరకు మీ కణాలతోనే ఉంది. ఆ కణాల మీద మీ గుర్తులు, అంటే హెచ్‌ఎల్‌ఏ గుర్తులు ఉన్నాయి. అతని రక్తం రోజంతా ఆ పొరను ఒరుసుకుంటూ పారుతుంది, ఆ రక్తంలోని టి కణాలు, అంటే పరాయివాటిని పసిగట్టి దాడి చేసే తెల్ల రక్తకణాలు, ఆ గుర్తులను తడిమి చూస్తూనే ఉంటాయి. పరాయి గుర్తు తగలగానే టి కణం లోపల కాల్సిన్యూరిన్ అనే ఎంజైము మేలుకుంటుంది. దాని వల్ల ఇంటర్‌ల్యూకిన్-2 అనే సంకేత పదార్థం తయారై, తోటి కణాలకు పిలుపు వెళ్తుంది. టాక్రోలిమస్ ఆ ఎంజైమును అణిచి పిలుపును నొక్కేస్తుంది. అంతవరకే దాని పని. పరాయి అన్న సంగతిని అది టి కణం చేత మరిపించదు. మందు రక్తంలో తగ్గితే పిలుపు మళ్లీ మొదలవుతుంది, ఆరో రోజైనా ఆరో ఏడైనా.

ఇందులో మోసం ఏమిటంటే, ఇప్పటి రిజెక్షన్‌కు చాలాసార్లు నొప్పే ఉండదు. మూత్రం మామూలుగానే వస్తుంది, ఆకలి వేస్తుంది, చేతుల వణుకు తగ్గినందుకు పైగా హుషారుగా ఉంటుంది. ఆ పదహారు రోజులూ మీ అబ్బాయి ఆరేళ్లలో ఎన్నడూ లేనంత బాగున్నాననుకుని ఉంటాడు. క్రియాటినిన్ పెరిగేసరికే లోపల కొంత నష్టం జరిగిపోయి ఉంటుంది. 1.6 దగ్గర నిలవడం మంచి మాటే. ఆ చప్పుడు వినపడలేదని మీరు అలమర తెరవబట్టి ఈ కిడ్నీ దక్కింది.

ఇక చేయించవలసినవి. మీ కిడ్నీకి వ్యతిరేకంగా అతని రక్తంలో యాంటీబాడీలు పుట్టాయేమో చూసే పరీక్ష ఉంది, డీఎస్‌ఏ అంటారు. చేశారో లేదో మీ డాక్టరును అడగండి. మందు మానిన తర్వాత టి కణాల దాడి ఒకటే కాదు, యాంటీబాడీల దాడి కూడా మెల్లగా మొదలుకావచ్చు, అది మరింత మొండిది. వణుకు సంగతి డాక్టరుకు ఎప్పుడైనా చెప్పాడా? చాలామంది చెప్పరు, ఇది మామూలేనని సరిపెట్టుకుంటారు. రోజుకు ఒక్కసారే వేసుకునే టాక్రోలిమస్ ఉంది, దానితో కొందరిలో వణుకు తగ్గుతుంది. అది కుదరకపోతే వేరే మార్గాలున్నాయి. కాఫీ కప్పు పట్టుకోలేకపోవడం చిన్న బాధ కాదు, దానికోసం మందు మార్చమని అడగడంలో తప్పేమీ లేదు.

మీ వైపు ఇప్పుడు పంపరపనసల కాలం కాబట్టి ఇది కూడా చెప్పాలి. పంపరపనస, ద్రాక్షపనస (గ్రేప్‌ఫ్రూట్) రెండూ రక్తంలో ఈ మందు లెవెల్‌ను విపరీతంగా పెంచుతాయి. క్షయ మందు రిఫాంపిసిన్ బాగా పడగొడుతుంది. విరేచనాలు పట్టుకుంటే లెవెల్ పెరుగుతుంది. ఏ కొత్త మందు రాసినా, ఆకు పసరైనా సరే, ముందు నెఫ్రాలజిస్టును అడగాలి.

అమ్మా, మీరు మీ పరీక్షలు చేయించుకుని ఎన్నాళ్లయింది? దాతలు ఏటా బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూపించుకోవాలి. మీ పోస్టులో మీ గురించి ఒక్క ముక్క కూడా లేదు.

టి కణాల పరిశోధక విద్యార్థిని

టీచర్ గారూ, మీ ప్రశ్న చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఈ శాస్త్రాన్ని మలిచినవాళ్లు కూడా మీ ప్రశ్నే అడిగారు. 1953లో పీటర్ మెడవార్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త సరిగ్గా ఇదే అడిగాడు: బిడ్డ తల్లికి సగం పరాయి కదా, తల్లి ఒళ్లు ఎలా భరిస్తోంది అని.

ఆయన కంటే ముందు అమెరికాలో రే ఓవెన్ ఆవుల రక్తం పరీక్షిస్తూ 1945లో ఒక వింత రాశాడు. కవల దూడలు ఒకే పోలికవి కాకపోయినా ఒకదాని రక్తకణాలు మరొకదానిలో పెద్దయ్యాక కూడా బతికే ఉన్నాయి. కడుపులో ఉండగా మావి దగ్గర వాటి రక్తనాళాలు కలిసిపోతాయి. అప్పుడు చేరిన కణాలను ఒళ్లు తనవనే అనుకుంది. తర్వాత మెడవార్ బృందం అలాంటి కవల దూడల చర్మాన్ని ఒకదాని నుంచి మరొకదానికి అతికిస్తే ఊడలేదు. 1953లో ఆయన, బిల్లింగ్‌హామ్, బ్రెంట్ కలిసి ఇంకా కడుపులోనే ఉన్న ఎలుక పిల్లలకు వేరే జాతి ఎలుక కణాలు ఎక్కించారు. ఆ పిల్లలు పెద్దయ్యాక ఆ జాతి చర్మాన్ని అతికిస్తే అంటుకుపోయింది. మందు లేదు, మాత్ర లేదు. దానికే 1960లో మెడవార్‌కు, మాక్‌ఫర్లేన్ బర్నెట్‌కు నోబెల్ ఇచ్చారు. అంటే పరాయిని తనదనుకోవడం ఒంటికి నేర్పవచ్చునని అప్పుడే తేలింది. కాకపోతే పుట్టకముందు నేర్పడం సులువు, పుట్టి పెరిగాక కష్టం.

ఇక మీ కడుపు సంగతి. బిడ్డ మీ రక్తంలో నేరుగా కలవడు. మీ రక్తాన్ని తాకేది మావి పైపొర. అది బిడ్డదే. ఆ పొర మామూలుగా టి కణాలు వెతికే గుర్తులను దాచేసుకుంటుంది, బయటికి హెచ్‌ఎల్‌ఏ-జి అనే వేరే గుర్తును చూపిస్తుంది, అది దాడికి వచ్చే కణాలను శాంతింపజేస్తుంది. దానికి తోడు ఆ నెలల్లో తల్లి ఒంట్లో ఒక రకం టి కణాలు పెరుగుతాయి. వాటి పని దాడి చేయడం కాదు, దాడిని ఆపడం. వాటినే టి రెగ్ కణాలంటారు. మీ అబ్బాయి చెప్పిన నోబెల్ వీటి గురించే. 1995లో జపాన్‌కు చెందిన షిమోన్ సకగుచి ఎలుకల్లో ఈ కణాలను గుర్తించి, అవి లేకపోతే ఒళ్లు తనను తానే తినేస్తుందని చూపాడు. 2001లో మేరీ బ్రన్‌కో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ దాని వెనుక ఉన్న ఫాక్స్‌పి3 జన్యువును పట్టుకున్నారు. ముగ్గురికీ 2025లో బహుమతి వచ్చింది. వార్త నిజం. "ఇక మందులు అక్కర్లేదు" అన్నది మాత్రం ఆ వీడియో చేసినవాళ్లు అతికించిన తోక.

మీ కిడ్నీ దగ్గరికి వస్తే లెక్క తిరగబడుతుంది. అప్పుడు చూసింది మీ ఒళ్లు, ఇప్పుడు చూస్తున్నది అతని ఒళ్లు. మీ హెచ్‌ఎల్‌ఏలో సగం అతనికి వచ్చింది, మీ దగ్గరే ఉండిపోయిన రెండో సగం అతనికి పరాయి. పైగా కిడ్నీకి మావిలా గుర్తులు దాచుకునే విద్య లేదు. మీకొక మాట చెప్పాలనిపిస్తోంది. మీరు మోసిన రోజుల్లో మీ కణాలు కొన్ని అతనిలోకి వెళ్లాయి, అతనివి కొన్ని మీలోకి వచ్చాయి. ఇలాంటి కణాలు దశాబ్దాలపాటు ఉండిపోతాయని తెలిసింది. కానీ ఆ కాసినిటితో కిడ్నీకి రక్షణ దొరకదు.

మందులు లేకుండా ఉన్నవాళ్లు ఉన్నారా అంటే, ఉన్నారు. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే ఒకే పోలిక కవలల మధ్య కిడ్నీ మార్చాడు, వాళ్లకు మందే అక్కర్లేకపోయింది, ఎందుకంటే పరాయితనమే లేదు. మీకు దగ్గరగా ఉండేది 2008లో బోస్టన్ మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వారు ప్రచురించినది. అయిదుగురికి బంధువుల నుంచి, అంటే మీకూ మీ అబ్బాయికీ ఉన్నట్టే సగం కలిసి సగం కలవని దాతల నుంచి, కిడ్నీతో పాటు ఎముక మజ్జ కూడా పెట్టారు. ముందుగా వాళ్ల రోగనిరోధక వ్యవస్థను చాలావరకు అణిచివేశారు. కొన్ని వారాలు దాత రక్తకణాలు, సొంత రక్తకణాలు కలిసి తిరిగాయి. ఒకరి కిడ్నీ పోయింది. మిగతా నలుగురికి 9 నుంచి 14 నెలల్లో మందులన్నీ ఆపగలిగారు. ఓవెన్ దూడల్లో చూసింది పెద్ద మనుషుల్లో కొద్దిరోజులు చేసి చూపారన్నమాట.

2022లో స్టాన్‌ఫర్డ్ వారిది ఇంకా ఆశ్చర్యం. షిమ్కే అనే అరుదైన జబ్బున్న ముగ్గురు పిల్లలకు ముందు తల్లి లేదా తండ్రి మూలకణాలు ఎక్కించి, ఆ కణాలు రక్తాన్ని పూర్తిగా తమదిగా చేసుకున్నాక, అదే తల్లి లేదా తండ్రి కిడ్నీ పెట్టారు. ముగ్గురూ మందులు లేకుండా ఉన్నారు. ఆ జబ్బులో రోగనిరోధక వ్యవస్థ కూడా పాడవుతుంది కాబట్టి వాళ్లకు మూలకణాల మార్పిడి ఎటూ కావాలి, అందుకే ఆ సాహసం చేయగలిగారు. మన దేశంలోనూ అహ్మదాబాద్‌లో డాక్టర్ హెచ్.ఎల్. త్రివేది బృందం దాత మజ్జ కణాలు ఎక్కించి మందులు తగ్గించే ప్రయత్నాలు ఏళ్ల తరబడి చేసింది.

ప్రమాదం చెప్పకపోతే నేనూ ఆ వీడియోవాళ్లలాగే అవుతాను. దాత మజ్జ ఎక్కిస్తే ఆ కణాలే రోగి ఒంటి మీద తిరగబడే అవకాశం ఉంది. అమెరికాలో మూడో దశ దాకా వచ్చిన ఒక ప్రయోగంలో అలాగే ఒకరు చనిపోయారు, 2023లో దాన్ని ఆపేశారు. టి రెగ్ కణాలను బయట పెంచి ఎక్కించే ప్రయోగాలు యూరప్‌లో, అమెరికాలో జరిగాయి. వాటి ఫలితాలు 2020లో వచ్చాయి. అవి నిరపాయంగానే కనిపించాయి, కొందరు ఒక్క టాక్రోలిమస్‌తోనే నెట్టుకురాగలిగారు. చూడండి, టి రెగ్‌లు ఎక్కించుకున్నవాళ్లు కూడా టాక్రోలిమస్ వేసుకుంటూనే ఉన్నారు.

వరంగల్, అక్క కిడ్నీ, 18 ఏళ్లు

అమ్మా, డాక్టరు గారు, ఆ చెల్లెమ్మ చెప్పినవన్నీ నిజం. కానీ అవి మీ అబ్బాయికి చదివి వినిపించకండి, కనీసం ఈ నెల. నాకు మా అక్క కిడ్నీ ఇచ్చి పద్దెనిమిదేళ్లు. నాలుగో ఏట నేనూ రాత్రి మాత్రలు ఎగ్గొట్టాను. భయం లేక కాదు. ప్రతి మాత్రా నాకు అక్క కడుపు మీది కోతను గుర్తు చేసేది. అది వేసుకున్నప్పుడల్లా బాకీ కడుతున్నట్టుండేది. ఒక్క పూట ఆ బాకీ లేని మనిషిలా ఉండాలనిపించింది. మీ అబ్బాయి "కలిసిపోయి ఉంటుంది" అన్నాడంటే నాకు వినపడేది అదే. అది మీదిగా కాకుండా తనదిగా ఉండాలని అతని కోరిక.

నాకు డాక్టర్లు ఎంతో భయం చెప్పారు, అది రెండు నెలలు పనిచేసింది. నన్ను మార్చింది అక్క. ఒకరోజు మా ఇంటికి వచ్చి, "ఇచ్చేశాను రా, అది ఇక నాది కాదు, నువ్వు పాడు చేసుకుంటే నీది నువ్వు పాడు చేసుకున్నట్టు" అని చెప్పి, టీ తాగి వెళ్లిపోయింది. కోపం లేదు, ఏడుపు లేదు. మీరు మూత చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చోవడం అతనికి తెలుసమ్మా. తప్పకుండా తెలుసు.

గుంటూరు నెఫ్రాలజిస్టు

వరంగల్ తమ్ముడితో ఒక చోట విభేదిస్తాను. నిజాలు దాచవద్దు. అతను సగం నిజం విని మందు మానాడు, మిగతా సగం కూడా వినాలి. అయితే అది తల్లి నోట కాకుండా మా నోట వినడం మేలు. అక్కడివరకు మీ మాట ఒప్పుకుంటాను.

కవిటి టీచరమ్మ

అందరికీ చేతులెత్తి నమస్కారం. బాబూ వరంగల్, నీ ఉత్తరం (నాకు ఇది ఉత్తరమే) నాలుగుసార్లు చదివాను. చప్పుడు కోసం వింటున్నానని వాడికి తెలుసన్న మాట దగ్గర ఆగిపోయాను. నిన్న రాత్రి ఎనిమిదికి నేను డాబా మీదికి వెళ్లి బట్టలు తీసుకొచ్చాను. దిగివచ్చేసరికి వాడు పప్పులో తాలింపు పెడుతున్నాడు. వేసుకున్నావా అని అడగలేదు. కష్టంగానే ఉంది.

తల్లీ, నీ దూడల కథ వాడికి చెప్పాను. అది భయం చెప్పే కథ కాదు కదా అని చెప్పాను. తింటూ తింటూ చేయి ఆపి విన్నాడు. "అయితే నీ కణాలు నాలో ఇంకా ఉన్నాయా?" అని అడిగాడు. నెల తర్వాత వాడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. ఇంకొకటి కూడా అడగమన్నాడు: కిడ్నీ ఇప్పటికే పెట్టేశారు కదా, ఇప్పుడు అమ్మ మజ్జ తీసి ఎక్కిస్తే కుదరదా అని. నేను ఇవ్వడానికి సిద్ధమే.

డాక్టరు గారూ, నా పరీక్షలు చేయించి మూడేళ్లయింది. తప్పే. వచ్చేవారం చేయించుకుంటాను.

టి కణాల పరిశోధక విద్యార్థిని

టీచర్ గారూ, మీ అబ్బాయికి చెప్పండి, చాలా తెలివైన ప్రశ్న. కిడ్నీ ముందు పెట్టి, నెలల తర్వాత అదే దాత మజ్జ ఎక్కించే పద్ధతిని బోస్టన్ వారు కోతుల్లో చేసి చూశారు, కొన్నింటిలో మందులు ఆపగలిగారు. కానీ ఒకసారి రిజెక్షన్ వచ్చిన ఒంట్లో ఆ కిడ్నీని గుర్తుపెట్టుకున్న టి కణాలు మిగిలిపోతాయి. అలా జ్ఞాపకం ఉన్న కణాలను ఊరుకోబెట్టడం అన్నిటికంటే కష్టం. మా ల్యాబులో నేను రోజూ తలపడేది వాటితోనే. అందుకే ఇప్పుడు అతనికి మజ్జ ఎక్కించడమంటే, నిలకడగా ఉన్న కిడ్నీని పణంగా పెట్టి, ప్రాణాపాయం ఉన్న చికిత్సకు వెళ్లడం. ఏ మంచి డాక్టరూ ఒప్పుకోడు. అతనికి ముప్పై మూడేళ్లు. మా పరిశోధన ఫలించే నాటికి ఆ కిడ్నీ పనిచేస్తూ ఉండాలి. మా తొందర మేం పడతాం, ఆ పూచీ మాది. అతను కిడ్నీని కాపాడుకోవాలి.

అతని మొదటి ప్రశ్నకు జవాబు: ఉండి ఉంటాయి. కిడ్నీ సంగతి వదిలేసినా, పుట్టినప్పటి నుంచే.

కవిటి టీచరమ్మ

చదివి వినిపించాను తల్లీ. "పుట్టినప్పటి నుంచే" అన్న మాట మళ్లీ చదవమన్నాడు.

డాక్టరు గారూ, సోమవారం వాడికి లెవెల్ పరీక్ష రాశారు. వణుకు సంగతి తానే చెబుతానన్నాడు, డీఎస్‌ఏ గురించి నేను కాగితం మీద రాసి ఇచ్చాను. ఒక్కటి తేల్చండి. ఆరోజు ఉదయం ఎనిమిదికి మందు వేసుకుని వెళ్లాలా, రక్తం ఇచ్చాక వేసుకోవాలా? పోయినసారి ఏం చేశాడో వాడికి గుర్తులేదట.

గుంటూరు నెఫ్రాలజిస్టు

రక్తం ఇచ్చాకే అమ్మా. రాత్రి ఎనిమిదికి వేసుకున్నాక పన్నెండు గంటలకు, తర్వాతి మోతాదుకు ముందు తీయాలి, అప్పుడే లెక్క సరిగా వస్తుంది. మాత్రలు జేబులో పెట్టుకుని వెళ్లమనండి, సూది తీసిన వెంటనే అక్కడే వేసుకోవాలి. ఇంటికి వచ్చాక వేసుకుంటానని వాయిదా వేయవద్దు. మీ రక్తం కూడా అదే రోజు ఇచ్చేయండి, ఇద్దరూ కలిసి వెళ్లండి.